చెకుముకి తుపాకా, టోపీ తుపాకా?

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో, మూతి నుంచి మందు కూరే తుపాకులతో గురి పోటీలు జరుగుతాయి. అలాంటి స్నేహపూర్వక పోటీకి కొత్తగా దిగేవాళ్లకు నేనైతే పెర్కషన్ క్యాప్ తుపాకే చెబుతాను. చిన్న రాగి టోపీ తొడగడమే, సుత్తి పడగానే పేలుతుంది. చినుకులకు అంతగా మొరాయించదు.

ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి తుపాకీ, సంగతి వేరు. ట్రిగ్గర్ నొక్కగానే చెకుముకి రాయి ఉక్కుపలకను గీరుతుంది, నిప్పురవ్వలు పళ్లెంలోని సన్నమందు మీద పడతాయి, ఆ మంట సన్నని రంధ్రంలోంచి లోపలి మందును అందుకుంటుంది. ముఖం పక్కనే భగ్గుమన్నా కన్ను గురి వదలకూడదు. తేమకు మందు ముద్దవుతుంది, రాయి మొద్దుబారితే రవ్వలు రాలవు. అయినా నా మనసు దీనిమీదే. గుండు వెళ్లేదాకా చెయ్యి కదలకుండా నిలపడం ఇదే బాగా నేర్పుతుంది.

ఏది పట్టినా బ్లాక్ పౌడరే, అంటే పాతకాలపు నల్లటి తుపాకిమందే వాడాలి. ఇప్పటి తుపాకుల్లో వాడే పొగలేని మందు పోస్తే గొట్టం పగిలిపోవచ్చు.