హైదరాబాదా, బెజవాడా? కాపురం మార్చాక నెల ఖర్చు ఎక్కడ తేలిక

హైదరాబాద్ నుంచి బెజవాడకు కాపురం మార్చాలనుకునేవాళ్లు ముందుగా అడిగేవి రెండు. కారు ఇన్సూరెన్స్ ఎంత తగ్గుతుంది? సరుకుల బిల్లు ఎంత తగ్గుతుంది? అటునుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు ఇవే ఎంత పెరుగుతాయని అడుగుతారు. నిజానికి తేడా తక్కువగా ఉండేది ఈ రెంటిలోనే. ఊరు మారితే గట్టిగా కదిలేవి అద్దె, కరెంటు, పెట్రోలు, ఒకసారి కట్టాల్సిన కారు లైఫ్ ట్యాక్స్. జీతం తగ్గకుండా ఊరు మారగలిగితే బెజవాడే మేలని నా అభిప్రాయం. అయితే ఆ మిగులు ఎక్కడ వస్తుందో, ఎక్కడ జారిపోతుందో తెలుసుకుని వెళ్లాలి. తెలియకుండా వెళితే ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ కనపడదు.

కారు ఇన్సూరెన్స్

ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. థర్డ్ పార్టీ భాగాన్ని కేంద్ర ప్రభుత్వమే ఖరారు చేస్తుంది కాబట్టి దేశమంతా ఒకటే రేటు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. బంజారాహిల్స్‌లో ఉన్నా భవానీపురంలో ఉన్నా అంతే.

రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టం. ఇక్కడ ఊరి పాత్ర ఉంది. ప్రైవేటు కార్లకు దేశాన్ని రెండు జోన్లుగా విడగొట్టారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, అహ్మదాబాద్, కోల్‌కతా, ఢిల్లీ ఏ జోన్. బెజవాడతో సహా మిగతా దేశమంతా బీ జోన్. పాత టారిఫ్ పట్టికలో ఐదేళ్లలోపు 1000–1500 సీసీ కారుకు ఏ జోన్‌లో 3.283 శాతం, బీ జోన్‌లో 3.191 శాతం. ఐడీవీ, అంటే పాలసీలో రాసే కారు విలువ, ఆరు లక్షలనుకుంటే తేడా 552 రూపాయలు. అదీ డిస్కౌంట్లు పోకముందు. యాభై శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) ఉంటే 276కు దిగుతుంది, దానిపై 18 శాతం జీఎస్టీ. ఇప్పుడు కంపెనీలు ఓన్ డ్యామేజ్ రేట్లు సొంతంగా వేసుకుంటున్నాయి కాబట్టి, ఊరు మారడం వల్ల తగ్గేదానికంటే రెన్యువల్ ముందు మూడు కంపెనీల కొటేషన్లు తెప్పించుకుంటే తగ్గేదే ఎక్కువ.

ఇంకో మాట. జోన్ చూసేది మీరు ఉంటున్న ఇంటిని బట్టి కాదు, బండి రిజిస్టరైన చోటుని బట్టి. టీజీ నంబరుతో బెజవాడలో తిరుగుతున్నంతకాలం మీది హైదరాబాద్ ప్రీమియమే. నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీతోపాటే వస్తుంది, ఊరు మారినా కంపెనీ మారినా పోదు. ఏజెంటు మర్చిపోతే మీరే గుర్తుచేసి రాయించుకోండి.

ఈ మిగిలే రెండు మూడు వందలు చూసి మురిసిపోయి, అసలు కావాల్సిన కవర్ తీసేయొద్దని నా విన్నపం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ చుట్టుపక్కల కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీట మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ నీళ్లు లాగేసి పట్టేస్తుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ (యాడ్-ఆన్) లేకపోతే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో ఆ నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ చూసిన వరదా చిన్నది కాదు కాబట్టి, ఈ యాడ్-ఆన్ విషయంలో రెండు ఊళ్లదీ ఒకటే లెక్క. పల్లపు వీధిలో, సెల్లార్ పార్కింగ్‌లో బండి పెట్టేవాళ్లకు ఇది తప్పనిసరి.

అసలు దెబ్బ లైఫ్ ట్యాక్స్

మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో బండి పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. పాత ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తీసుకోవాలి. బండిమీద లోన్ ఉంటే బ్యాంకు అనుమతి కూడా కావాలి. కొత్త రాష్ట్రంలో బండి వయసును బట్టి తగ్గించిన లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కొత్త కారుకు రెండు రాష్ట్రాల్లోనూ ఇది ధరలో పది శాతానికి పైమాటే. కాబట్టి రెండు మూడేళ్ల కారుతో వెళ్లేవాళ్లకు వేలల్లో కాదు, పెద్ద కారైతే లక్షల్లోకి పోతుంది. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. కానీ ముందు ఇక్కడ కట్టి, ఆ రసీదులతో అక్కడ తిరగాలి. ఆ డబ్బు చేతికొచ్చేదాకా ఖర్చు కింద రాసుకోవడమే క్షేమం.

ఏడాదిలోపు తిరిగొచ్చేసే ప్రాజెక్టు అయితే రిజిస్ట్రేషన్ జోలికి పోనక్కర్లేదు. స్థిరపడేటట్లయితే నంబరు మార్చగానే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో కొత్త నంబరు, కొత్త చిరునామా ఎక్కించుకోవాలి. ఆర్సీ మీద ఒక నంబరు, పాలసీ మీద ఇంకో నంబరు ఉంటే క్లెయిమ్ రోజున మొదలవుతుంది తంటా.

సరుకులు

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉన్నవన్నీ, నూనె, సబ్బులు, టీ పొడి, బిస్కెట్లు, రెండు చోట్లా ఒకటే. పెద్ద సూపర్ మార్కెట్లు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి, ఆఫర్లూ అవే. నెల సరుకుల్లో సగం వీటికే పోతుంది కాబట్టి బిల్లు సగానికి తగ్గుతుందని ఆశపడొద్దు.

బియ్యంలోనూ పెద్ద తేడా లేదు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం హైదరాబాద్‌కు దగ్గరైతే, డెల్టా బీపీటీ సన్నబియ్యం బెజవాడకు దగ్గర. ఊరికంటే బస్తా సైజు ముఖ్యం. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ ఉన్న లేబుల్ ప్యాకింగుల మీద ఐదు శాతం జీఎస్టీ ఉంది, ఆపైన లేదు. అంగళ్లలో 26 కిలోల బస్తాలు కనపడేది అందుకే. కాస్త పెద్ద సంసారమైతే ఆ బస్తానే తెచ్చుకోండి.

బెజవాడ నిజంగా గెలిచేది తాజా సరుకులో. కైకలూరు, భీమవరం చెరువుల చేప, రొయ్య హైదరాబాద్‌కు బయలుదేరేలోపే ఇక్కడ బండ మీద ఉంటుంది. వేసవిలో నూజివీడు మామిడి పక్కూరి కాయ. కూరగాయలకు రైతుబజార్లు రెండు చోట్లా ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైనవే. కాకపోతే హైదరాబాద్‌లో మెహిదీపట్నం, ఎర్రగడ్డ బజారుకు చేరాలంటే సగం పూట పోతుంది. అందుకే జనం ఫోన్లోనే నొక్కేస్తారు. పది నిమిషాల్లో సంచి గుమ్మంలో ఉంటుంది, దానితోపాటు హ్యాండ్లింగ్ ఛార్జీ, డెలివరీ ఛార్జీ, అవసరం లేని రెండు ప్యాకెట్లు. పటమటలో ఉంటే రైతుబజారుకు నడిచి వెళ్లొచ్చు. సరుకుల్లో మిగిలేది ఆ నడకలోనే. బెజవాడకు వచ్చి కూడా యాప్‌లోనే కొంటే ఏమీ మిగలదు.

కరెంటు

ఇది కాస్త నిదానంగా చూడాలి. 2022 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల్లోనూ స్లాబులు మారాయి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. 201వ యూనిట్ తిరిగిందా, వేరే గ్రూపులో పడతారు. మొదటి రెండొందల యూనిట్లూ 5.10 చొప్పున, పై యూనిట్ 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు రెండొందల పైచిలుకు తేడా. ఆంధ్రలో ఈ గుంట లేదు. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు 1.90కే, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75.

250 యూనిట్లకు లెక్క కడితే తెలంగాణలో 1,405, ఆంధ్రలో సుమారు 1,236. ఇవి ఎనర్జీ ఛార్జీలు మాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఆంధ్రలో సర్దుబాటు ఛార్జీలు వేరే. రేటు చూస్తే బెజవాడే చవక. కానీ ఎండ మాటేమిటి? హైదరాబాద్‌లో మే రాత్రి ఏసీ కాసేపు వేసి ఆపేయొచ్చు. బెజవాడ ఉక్కపోతకు తెల్లవార్లూ నడవాల్సిందే, అదీ మార్చి చివరి నుంచే. 350 యూనిట్లయితే ఆంధ్ర బిల్లు 2,110 దాటుతుంది. వేసవి నాలుగు నెలలూ ఈ పద్దులో బెజవాడ ఓడుతుంది, శీతాకాలంలో గెలుస్తుంది. ఏడాది మొత్తం మీద సమానమనుకోండి. ఫైవ్ స్టార్ ఏసీ కొనడానికి డబ్బు పక్కన పెట్టుకుని వెళ్లండి.

అద్దె, నీళ్లు

అద్దెలో వాదనే లేదు. కొండాపూర్, మియాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్‌రూమ్‌కు ఇచ్చే అద్దెతో పోరంకిలో, గొల్లపూడిలో అంతకంటే విశాలమైన ఇల్లు వస్తుంది. మొత్తం లెక్కలో బెజవాడను గెలిపించేది ఇదొక్కటే అన్నా తప్పులేదు. హైదరాబాద్‌లో అద్దె పైన మెయింటెనెన్స్ కూడా చూసుకోవాలి. నెలకు 7,500 దాటితే దానికి జీఎస్టీ తోడవుతుంది. జలమండలి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తున్నా, పడమటి వైపు అపార్ట్‌మెంట్లు ఎండాకాలంలో ట్యాంకర్ల మీద బతుకుతాయి. ఆ బిల్లు ఫ్లాట్లకు పంచుతారు. ఇల్లు చూసేటప్పుడు గత ఏప్రిల్, మే మెయింటెనెన్స్ రసీదులు చూపించమనండి.

ఆరోగ్య బీమాలో ఒక మెలిక

కొన్ని కంపెనీలు చిన్న ఊరి చిరునామాకు ప్రీమియం తగ్గిస్తాయి. అలాంటి పాలసీతో పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే బిల్లులో కొంత వాటా మీరే పెట్టుకోవాలనే షరతు ఉండొచ్చు. పెద్ద జబ్బంటే బెజవాడ వాళ్లు ఇప్పటికీ హైదరాబాద్ బయలుదేరుతారు. చిరునామా మార్పించే ముందు ఆ షరతు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఉంటే పాత ప్రీమియమే నయం.

రాకపోకలు

పెట్రోలు మీద ఆంధ్రలో పన్ను ఎక్కువ: 31 శాతం వ్యాట్, లీటరుకు మరో 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. తెలంగాణలో 35.2 శాతం వ్యాట్. బంకు దగ్గర బెజవాడ రేటే కాస్త ఎక్కువ కనపడుతుంది. అది చూసి గాభరా పడొద్దు, మీ దూరం చూసుకోండి. హైదరాబాద్‌లో ఆఫీసుకు రానుపోను 40 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు, లీటరుకు 15 మైలేజీ అయితే 59 లీటర్లు. బెజవాడలో రానుపోను 12 అయితే 18 లీటర్లు కూడా పట్టవు. 41 లీటర్ల మిగులు. లీటరు 110 చొప్పున నాలుగున్నర వేలు. అయితే హైదరాబాద్‌లో మెట్రో పక్కన ఇల్లు, ఆఫీసు రెండూ దొరికినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. 2025 మే నుంచి అక్కడ టికెట్ 11 నుంచి 69 రూపాయల మధ్యే, బండి ఇంట్లోనే ఉంటుంది. బెజవాడలో మెట్రో లేదు. ఆడవాళ్లకు ఉచిత బస్సు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది గానీ అది ఆ రాష్ట్ర నివాసులకే. ఆధార్‌లో చిరునామా వెంటనే మార్పించుకోండి.

ఆ 41 లీటర్లకు గండికొట్టేది ఒకటుంది. అమ్మానాన్నలో, పిల్లల కాలేజీయో హైదరాబాద్‌లో ఉండిపోతే నెలకోసారి కారు తీస్తారు. రానుపోను దాదాపు 550 కిలోమీటర్లు, 37 లీటర్లు. ఒక్క ప్రయాణంతో నెల మిగులు దాదాపు అంతా హైవే మీదే అయిపోతుంది. టోలుకు మాత్రం మంచి దారి ఉంది. 2025 ఆగస్టు 15న మూడు వేలకు వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్‌తో ఏడాదిలో 200 సార్లు ప్లాజాలు దాటొచ్చు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడూ పోయిరావడానికి ఆరు లెక్కపడతాయి, నెలకోసారైతే ఏడాదికి 72. పాస్ ఏడాదికే కాబట్టి ఆ మూడు వేల ధరకు రానుపోను 250 రూపాయలు పడుతుంది. నెలకు రెండుసార్లు వెళ్లేవాళ్లు మాత్రం కారు వదిలి రైలెక్కితేనే బెజవాడ కాపురం గిట్టుబాటు.