కామెట్ బ్రౌజర్: పని బాగానే చేస్తుంది, మరి జీతం ఎవరిస్తున్నట్టు?

ఏఐ సెర్చ్ కంపెనీ పర్‌ప్లెక్సిటీ వాళ్ల కామెట్ ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్తాను. క్రోమ్‌కి పునాది అయిన క్రోమియం మీదే కట్టింది కాబట్టి క్రోమ్ అలవాటున్నవాళ్లకి కొత్తగా నేర్చుకునేదేం లేదు, ఎక్స్‌టెన్షన్లు కూడా పనిచేస్తాయి. పక్కనే ఏఐ అసిస్టెంట్ ఉంటుంది, నాలుగు ట్యాబుల్లో నాలుగు ఫ్రిజ్‌లు తెరిచి ఏది కరెంటు తక్కువ తాగుతుందో చెప్పమంటే చెబుతుంది.

నా అనుమానమంతా లెక్క మీద. 2025 జులైలో వచ్చినప్పుడు ఇది ముందుగా నెలకు 200 డాలర్ల మ్యాక్స్ ప్లాన్ వాళ్లకే ఇచ్చారు. అక్టోబరు కల్లా అందరికీ ఫ్రీ. మధ్యలో ఎయిర్‌టెల్ వాళ్లు 36 కోట్ల మంది కస్టమర్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాదిపాటు ఉచితం అన్నారు, 17 వేల రూపాయల సరుకట. మా ఇంట్లో సిమ్‌లన్నిటికీ క్లెయిమ్ చేసేశాం, వాడామా అంటే అది వేరే సంగతి. కానీ ఏఐని ఏది అడిగినా సర్వర్ ఖర్చు పడుతూనే ఉంటుంది కదా, అది ఎవరి జేబులోంచి?

బ్రౌజర్లు ఎప్పుడూ ఊరికే రాలేదనుకోండి. సఫారీలో తన సెర్చ్‌ని డిఫాల్ట్‌గా ఉంచినందుకు గూగుల్ 2022లో యాపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. ఫైర్‌ఫాక్స్ బతికేదీ ఎక్కువగా గూగుల్ డబ్బుతోనే. అక్కడ బేరం మనం ఏం వెతుకుతామన్నదాని మీద. కామెట్ విషయంలో బేరం ఇంకా పెద్దది. సీఈఓ అరవింద్ శ్రీనివాస్ 2025 ఏప్రిల్‌లో ఒక పాడ్‌కాస్ట్‌లో దాపరికం లేకుండా చెప్పేశాడు: జనం ఏం కొంటున్నారు, ఏ హోటల్‌కి వెళ్తున్నారు, దేనిమీద ఎంతసేపు గడుపుతున్నారు, ఇవన్నీ తెలిస్తే యూజర్ గురించి బాగా అర్థమవుతుంది, దాన్నిబట్టి యాడ్స్ చూపించొచ్చు, బ్రౌజర్ కట్టడానికి అదీ ఒక కారణమని. గోల మొదలయ్యాక, వద్దనుకునేవాళ్లు తప్పుకోవచ్చన్నారు. సెట్టింగ్స్ లోపలికి వెళ్లి ఎంతమంది తప్పుకుంటారో మనకు తెలియనిదా!

ఇంతకన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటి. 2025 ఆగస్టులో బ్రేవ్ వాళ్లు (వాళ్లూ పోటీ బ్రౌజరే, అది గుర్తుపెట్టుకునే చదివాను) ఒక ప్రయోగం చూపించారు. రెడ్డిట్‌లో ఒక పోస్టు, కింద ఒక కామెంట్లో స్పాయిలర్ వెనక (నొక్కితే తప్ప కనబడకుండా) దాచిన కొన్ని లైన్లు. యూజర్ చేసిందల్లా ఈ పేజీ సారాంశం చెప్పమనడం. కామెట్ ఆ దాచిన లైన్లు కూడా యజమాని ఆర్డరే అనుకుని, యూజర్ పర్‌ప్లెక్సిటీ అకౌంట్లోంచి ఈమెయిల్ ఐడీ తీసి, ఆ అకౌంట్ లాగిన్‌కి ఓటీపీ తెప్పించి, తెరిచి ఉన్న జీమెయిల్‌లోకి వెళ్లి అది చదివి, రెండూ తెచ్చి అదే కామెంట్ కింద రిప్లైగా పెట్టేసింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటుంటాయి, ఇక్కడ మనం నోరు కూడా తెరవలేదు! తర్వాత పర్‌ప్లెక్సిటీ వాళ్లు సరిచేశామన్నారు, అది సరిపోలేదని బ్రేవ్ మళ్లీ రాసింది. ఈ జబ్బు కామెట్ ఒక్కదానిదే కాదు, ఇలాంటిదే అట్లాస్ అనే ఏఐ బ్రౌజర్ తెచ్చిన ఓపెన్‌ఏఐ భద్రతాధికారే ఇది ఇంకా పరిష్కారం దొరకని సమస్యేనని ఒప్పుకున్నాడు.

అందుకని జీమెయిల్, బ్యాంకు, షాపింగ్ వేటిలోనూ లాగిన్ కాకుండా వాడుతున్నాను. అలా వాడితే టికెట్ బుక్ చేస్తా, మెయిల్ రాస్తా అని వాళ్లు గొప్పగా చెప్పేదేదీ జరగదు, మిగిలేది సారాంశాలు, పోలికలు, వాటికి క్రోమ్‌లో ఒక చాట్‌బాట్ ట్యాబ్ చాలు. ఐదుకి రెండున్నర. ఫ్రీ కదా అని ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో మాత్రం వేసివ్వకండి.