గేర్లు గట్టివే, వాటిని పట్టుకునే ప్లేటే పగిలింది: ఒకే కంపెనీ టైగర్ ట్యాంకులు రెండు, పన్నెండేళ్ల వాడకం

రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ టైగర్ ట్యాంకుకు పదహారో వంతు సైజులో ఉండే రిమోట్ బొమ్మలు నాకు రెండున్నాయి. వాటిలో రెండోదాని ఎడమ గేర్‌బాక్స్ పక్క ప్లేటు బొటనవేలితో నొక్కితే బిస్కెట్‌లా విరిగింది. దాన్ని నేను కింద పడేయలేదు, వానలో వదిలేయలేదు. అంతకుముందు చలికాలమంతా బీరువా మీద, దాని పెట్టెలోనే ఉంది. ఇదే కంపెనీది 2013లో కొన్న మొదటి ట్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. 2020లో కొన్న రెండోది మూడేళ్లకే ఇలా అయింది. కంపెనీ పేరు చెప్పను. కానీ ఈ రెండు బళ్ల మధ్య ఏం మారిందో చెప్పక తప్పదు. ఎందుకంటే మొదటిది చూసి, నా మాట నమ్మి, మా స్నేహితులు ముగ్గురు అదే కంపెనీ బళ్లు కొన్నారు.

మేముండేది ఇంగ్లండ్ దక్షిణ తీరాన, బోర్న్‌మత్‌లో. బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం కారులో గంట లోపే. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడున్న అసలు ట్యాంకు, టైగర్ 131 వల్లే. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో అది బ్రిటిష్ సైన్యానికి చిక్కింది. చర్చిల్ రకం బ్రిటిష్ ట్యాంకు పేల్చిన గుండు ఒకటి దాని ఫిరంగి గొట్టం అడుగున తగిలి, జారి, టరెట్‌కీ (ఫిరంగి ఉండే, తిరిగే పై గది) కింది ఒంటికీ మధ్య ఇరుక్కుంది. ఇక టరెట్ తిరగలేదు. లోపలివాళ్లు బండి వదిలేసి వెళ్లిపోయారు. తన ఇంజిన్ మీద తాను నడిచే టైగర్-1 ఇప్పుడు ప్రపంచంలో అదొక్కటే. మ్యూజియం దాన్ని జనం ముందు నడిపే టైగర్ డే నాడు అది మైదానంలోకి వస్తే కాళ్ల కింద నేల అదురుతుంది. మొదటిసారి చూసినప్పుడు నన్ను కట్టిపడేసింది దాని నింపాది. అంత బరువున్న వస్తువు అంత మెల్లగా, ఎక్కడా తడబడకుండా కదలడం చూసి ఇంటికొచ్చాక చాలాసేపు మరో పని చేయలేకపోయాను.

బొమ్మలో నేను వెతికేది కూడా ఆ నింపాదినే. అది వచ్చేది గేర్‌బాక్స్ నుంచి. అసలు టైగర్ 57 టన్నులు. 1/16 అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతే కాబట్టి బరువు 4,096వ వంతు కావాలి, అంటే సుమారు 14 కిలోలు. ప్లాస్టిక్ ఒంటి బొమ్మలు అందులో మూడో వంతు కూడా ఉండవు. తేలిక బండి రాయి తగిలితే ఎగిరిపడుతుంది. ఇక వేగం సంగతి. అసలు బండి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల దాకా పోతుందనుకుంటే, పదహారుతో భాగిస్తే రెండున్నర. మనిషి నడకలో సగం. అంత మెల్లగా, ఆగకుండా, గులకరాళ్ల గుట్ట ఎక్కాలంటే మోటారు కంటే ముందు గేర్లు బాగుండాలి. పొగ, శబ్దం, ప్లాస్టిక్ గుళ్లు పేల్చే ఫిరంగి నాకు తర్వాతి సంగతి.

మొదటి ట్యాంకు ఆ పని చేసింది. రెండేళ్లయ్యాక ఇనుప ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు వేశాను, బరువు పెరిగింది, గేర్‌బాక్స్ కిక్కురుమనలేదు. అప్పట్లో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో బండిని ముక్కముక్కలుగా విడదీసి గీసిన బొమ్మ ఉండేది, ప్రతి ముక్కకూ ఒక నంబరు. 2015లో వెనక చక్రం చేయి వంగితే ఆ నంబరు రాసి పంపాను. పన్నెండు రోజుల్లో చిన్న కవర్లో ముక్క వచ్చింది. ఆ కవరు చూసి నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి కనిపించిన ప్రతివాళ్లకూ ఈ కంపెనీ గురించే చెప్పాను.

చెప్పినవాటిలో కొన్ని ఇప్పుడు సరిదిద్దుకోవాలి. మొదటి ట్యాంకు పొగ యంత్రం రెండో ఏడాదే కాలిపోయింది, మళ్లీ వేయించలేదు. టరెట్ చుట్టూ పూర్తిగా తిరగదు, ఒక చోట ఆగి వెనక్కి రావాలి. మెల్లగా కదలడం గురించి నేను చెప్పింది నిజమే, కానీ ఆగి ఉన్నచోటు నుంచి కదిలేటప్పుడు చిన్న కుదుపు ఉండేది. ఆ కుదుపు రెండో ట్యాంకులో లేదు. బండిని నడిపే కొత్త ఎలక్ట్రానిక్ బోర్డు చాలా బాగుంది. రిమోట్ పుల్లను వెంట్రుకవాసి తోస్తే బండి వెంట్రుకవాసే కదులుతుంది. టరెట్ పూర్తిగా తిరుగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో వేరే కంపెనీల బళ్ల మీద కూడా కాల్చినట్టు ఆడుకోవచ్చు. మొదటి నెల నేను చాలా సంతోషంగా ఉన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో స్టీల్ గేర్లు అని రాసి ఉంది. తెరిచి చూశాను, నిజంగానే స్టీలు.

2023 సెప్టెంబరులో ఒక ఆదివారం మా పెరట్లో రెండు బళ్లూ నడుపుతున్నాం, మా అబ్బాయి పాతది, నేను కొత్తది. రాళ్ల గుట్ట సగం ఎక్కాక నా బండిలోంచి టిక్ టిక్ అని సన్నటి చప్పుడు వచ్చింది. ట్రాకులో రాయి ఇరుక్కుందనుకుని వెనక్కి తీశాను. చప్పుడు టకటకగా మారింది, ఎడమ ట్రాకు ఆగిపోయింది, బండి ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది. మోటారు తిరుగుతోంది, ట్రాకును లాగే పళ్ల చక్రం (స్ప్రాకెట్) తిరగడం లేదు. గేరు పళ్లు అరిగిపోయాయనుకున్నాను. ఈ సైజు ట్యాంకుల్లో మామూలుగా జరిగేది అదే.

సాయంత్రం వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి పై భాగం ఊడదీశాను. గేర్లు చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి, ఒక్క పన్ను కూడా అరగలేదు. రెండు గేర్ల మధ్య మాత్రం దారం పట్టేంత సందు. గేర్ల ఇరుసులను పట్టుకునే పక్క ప్లేటు ఉబ్బి ఉంది. దాని మీద ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు. ఇరుసు దూరే రంధ్రం గుండ్రంగా లేదు, కోలగా సాగింది. అందుకే పళ్లు ఒకదాన్నొకటి అందుకోవడం లేదు. ఆ ప్లేటును బయటికి తీద్దామని బొటనవేలితో ఆనించాను. విరిగింది. విరిగినచోట మెరుపు లేదు, బూడిదరంగు పొడి చేతికి అంటింది. నాకు దుఃఖం వచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

ఇక్కడి పాత రైలు బొమ్మలవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. జింక్ పెస్ట్ అంటారు, మజాక్ రాట్ అని కూడా. జింకు మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోసేటప్పుడు సీసం లాంటి మలినాలు అతి కొద్దిగా కలిసినా చాలు. పోసినప్పుడు ముక్క గట్టిగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ, లోపలి రేణువుల మధ్య తినేసుకుంటూ వస్తుంది, ఉబ్బుతుంది, పగులుతుంది. యుద్ధానికి ముందటి డింకీ బొమ్మ కార్లు చాలావరకు అలాగే పోయాయి. మొదలైతే ఆపే మందు లేదు. నా ప్లేటు మీద ఉన్న గుర్తులన్నీ అవే. జింకు శుభ్రంగా వాడితే ఈ గొడవే రాదు. స్టీల్ గేర్లు పెట్టె మీద రాసుకోవడానికి పనికొస్తాయి కాబట్టి వాటి మీద డబ్బు పెట్టారు. ప్లేటు గురించి ఎవరూ అడగరు కాబట్టి అక్కడ మిగుల్చుకున్నారు. నాకు అర్థమైంది ఇదే, ఇది నన్ను బాధపెట్టినంతగా కాలిపోయిన బోర్డు బాధపెట్టదు.

సరే, ప్లేటు కొందామని బయల్దేరాను. కొత్త బండితో వచ్చింది పుస్తకం కాదు, మడత కాగితం. బ్యాటరీ ఎలా పెట్టాలో, రిమోట్ ఎలా కలపాలో మాత్రమే ఉంది. ముక్కల నంబర్లు లేవు. నాకు అమ్మిన దుకాణాయన మర్యాదస్తుడు. విడిభాగాలు తెప్పించడం మానేసి రెండేళ్లయిందని, కావాలంటే కింది ఒళ్లు మొత్తం కొనాలని చెప్పాడు, దాని ధర కొత్త బండిలో సగం పైనే. కంపెనీకి రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. మూడోది చేరనే లేదని వెనక్కి వచ్చింది.

ఈ రంగంలో కంపెనీలు పడిపోవడం కొత్త కాదు. బిగించుకునే ప్లాస్టిక్ బొమ్మలు చేసే ఎయిర్‌ఫిక్స్‌కు యజమాని హంబ్రోల్ 2006 ఆగస్టులో చేతులెత్తేసింది, ఆ ఏడాదే రైలు బొమ్మల హార్న్‌బీ కొనుక్కుంది. అచ్చులు మిగిలాయి కాబట్టి ఆ బొమ్మలు మళ్లీ వచ్చాయి. అలాంటి బొమ్మలే చేసే రెవెల్‌కు యజమాని అయిన అమెరికా హాబికో 2018 జనవరిలో దివాలాకు వెళ్లింది, రెవెల్ మాత్రం వేరేవాళ్ల చేతిలో బతికింది. అవి లెక్కల పుస్తకంలో పడిపోయిన కంపెనీలు. నా ట్యాంకుల కంపెనీ అలా పడలేదు, సరుకు ఇంకా వస్తూనే ఉంది, పెట్టెలు ఇంకా అందంగా తయారయ్యాయి. పుస్తకం పోయింది, నంబరు పోయింది, మర నట్టు ఉన్నచోట ప్లాస్టిక్‌లోకి నేరుగా దిగే స్క్రూ వచ్చింది, చివరికి మంచి లోహం పోయింది. జపాన్ కంపెనీ టమియా తన మొదటి రేడియో కంట్రోల్ బొమ్మగా 1974లో తెచ్చింది 1/16 షెర్మన్ ట్యాంకునే. వాళ్ల పెద్ద ట్యాంకులు ఇప్పటికీ ముక్కలుగానే వస్తాయి, కొన్నవాళ్లే బిగించుకోవాలి. ధర కొన్ని రెట్లు ఎక్కువ, అంత పెట్టలేక నేను ఈ దారి పట్టాను. కానీ చేత్తో బిగించుకున్న బండిలో ఏ ముక్క ఎలాంటిదో మొదటిరోజే తెలుస్తుంది. రెడీగా వచ్చే బండిలో అది పగిలాకే తెలిసింది.

ఆ సంక్రాంతికి విజయవాడ వెళ్లాం. విరిగిన ముక్కలు, పాత ట్యాంకు నుంచి ఊడదీసిన మంచి ప్లేటు ఒకటి రుమాల్లో చుట్టి తీసుకెళ్లాను. రెండు ట్యాంకుల గేర్‌బాక్స్ కొలతలు ఒకటే, అదొక్కటి వాళ్లు మార్చలేదు. మా బాబాయ్ నన్ను ఆటోనగర్‌లో తనకు తెలిసిన లేత్ షాపుకి తీసుకెళ్లాడు. లారీ సామాన్ల మధ్య ఈ అగ్గిపెట్టెంత ముక్క ఇవ్వడానికి మొహమాటపడ్డాను. మేస్త్రి మాత్రం కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది పోత సామాను బాబూ, కుళ్లిపోయింది. అతికించినా నిలవదు. ఇత్తడితో చేసిద్దాం, బుష్‌లు కూడా వేస్తా" అన్నాడు. మంచి ప్లేటు మీద రంధ్రాల మధ్య దూరం వెర్నియర్‌తో మూడుసార్లు కొలిచాడు. "దూరం వెంట్రుక తేడా వస్తే పళ్లు మళ్లీ జారతాయి" అని బాబాయ్‌కి చెప్పాడు. రెండ్రోజుల తర్వాత వెళ్తే రెండు ప్లేట్లు ఇచ్చాడు, అంచులు కూడా రుద్ది. తీసుకున్న డబ్బు ఇక్కడ పోస్టు ఖర్చుకి కూడా రాదు. పండక్కి ఊరెళ్తూ ఉండి కూడా ఈ పని పూర్తిచేసి వెళ్లాడాయన.

బోర్న్‌మత్ వచ్చి బిగించాను. గేర్లు సవ్వడి లేకుండా కలిశాయి. ఇత్తడి బరువు వల్లో ఏమో ముందు కంటే నింపాదిగా కూడా నడుస్తోంది. రెండు వేసవులు గడిచాయి, రాళ్ల గుట్ట ఎక్కుతోంది, దిగుతోంది.

కొనమంటారా అని అడిగితే, 2016కి ముందు తయారైన ఈ కంపెనీ బండి ఎవరైనా అమ్ముతుంటే, పై భాగం తెరిచి చూపిస్తే, కొనండి. కొత్తది నా మటుకు మళ్లీ కొనను. బోర్డు కోసం, టరెట్ కోసం కొంటానంటే కాదనను, ఇంటి గచ్చు మీద నడిపేవాళ్లకు నా కష్టం రాకపోవచ్చు. మా ఊరు సముద్రం పక్కన, గాలిలో తేమ ఎక్కువ. పొడి ఊళ్లలో ప్లేటు ఇంకొన్నేళ్లు ఆగుతుందేమో. నా మాట మీద కొన్న ముగ్గురిలో ఇద్దరి బళ్లు తెరిచి చూశాం, ఒకటి బాగుంది, ఒకదాని మీద పగుళ్లు మొదలయ్యాయి. ఆయనకు ప్లేటు కొలతలు గీసి ఇచ్చాను. పిల్లలకు పుట్టినరోజు కానుకగా అయితే వద్దు, ఆగిపోయిన రోజు వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

నా బండి కుడివైపు ప్లేటు ఇంకా కంపెనీదే. మొన్న టార్చి వేసి చూస్తే మూల దగ్గర సన్నటి గీత కనబడింది. రెండో ఇత్తడి ప్లేటు డ్రాయర్‌లో ఉంది, ఈ శనివారం కూర్చుంటాను.