20 దాటిన బోర్బనా, 12 ఏళ్ళ బోర్బనా? ఏది మేలు

పోయిన దసరాకి ముందు మా బావమరిది విజయవాడ నుంచి ఆఫీసు పని మీద వచ్చి మా ఇంట్లో వారం ఉన్నాడు, మేముండేది అమెరికాలో సిన్సినాటి, నది దాటితే కెంటకీ, బోర్బన్ అనే అమెరికన్ విస్కీకి పేరున్న చోటు. తిరిగి వెళ్ళేముందు రాత్రి సూట్‌కేస్ సర్దుకుంటూ మెల్లగా అడిగాడు, "బావా, మా మామగారికి మంచి బోర్బన్ ఒకటి పట్టుకెళ్ళాలి, 20 ఏళ్ళు దాటింది ఏదైనా చూడు, డబ్బులు పర్లేదు" అని. 12 ఏళ్ళది పట్టుకెళ్ళరా అన్నా. వాడి మొహం చూడాలి, పెళ్ళిలో అల్లుడికి నాసిరకం బట్టలు పెట్టినట్టు చూశాడు.

వాణ్ణేం అనలేం లెండి. మనవాళ్ళకి విస్కీ చదువంతా స్కాచ్ దగ్గరే అయింది. చివాస్ 12 అంటే ఓకే, చివాస్ 18 అంటే పెద్దాయన, 25 అంటే ఇక నోట మాట రాదు. నంబర్ అంటే పీపాలో ఎన్నేళ్ళుందో, అది పెరిగేకొద్దీ గౌరవం పెరుగుద్ది. (ఇదే జనం బ్లూ లేబుల్‌కి మాత్రం దండం పెడతారు, దాని మీద ఎన్నేళ్ళదో రాసే ఉండదు, అది వేరే కథ.) ఆ స్కేలే తెచ్చి బోర్బన్ పక్కన పెట్టి కొలుస్తాం. అక్కడే వస్తది తేడా, ఇక్కడ బోర్బన్ పిచ్చోళ్ళు 20 పైబడిన బాటిల్ అనగానే ముందు మొహం ఎందుకు చిట్లిస్తారో నాకు అర్థం కావడానికి మూడు నాలుగేళ్ళు పట్టింది, కొంత డబ్బు కూడా పోయింది.

అసలు సంగతి పీపాలో ఉంది. బోర్బన్ అనాలంటే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి, కొత్తది అంటే కొత్తదే, వాడింది కుదరదు. ఒకసారి బోర్బన్ పట్టాక ఆ పీపా చాలావరకు స్కాట్లండో ఇంకెక్కడికో అమ్ముడుపోద్ది, అందులో వాళ్ళు స్కాచ్ పోస్తారు. ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే బోర్బన్‌ది మొదటి డికాషన్, స్కాచ్‌ది చాలాసార్లు రెండోదో మూడోదో. రెండో డికాషన్ పల్చగా దిగుద్ది కాబట్టి 18 ఏళ్ళు, 25 ఏళ్ళు ఆగినా తట్టుకుంటది. మొదటిదాన్ని అంతసేపు ఉంచితే ఏమవుద్దో మీకు తెలుసు.

పైగా వాతావరణం. కెంటకీలో ఎండాకాలం ఎండాకాలమే, చలికాలంలో గడ్డ కడుతుంది, ఏడంతస్తులు తొమ్మిదంతస్తుల గోడౌన్లలో (రిక్‌హౌస్ అంటారు) పైన మగ్గిపోతది, కింద చల్లగా ఉంటది. వేడికి విస్కీ చెక్కలోకి చొచ్చుకుపోద్ది, చలికి బయటికొస్తది, వచ్చేటప్పుడు రంగు, తీపి, వగరు అన్నీ లాక్కొస్తది. స్కాట్లండ్‌లో ఏడాదికి పీపాలోంచి ఓ 2 శాతం ఆవిరైతే ఇక్కడ 3 నుంచి 5. దాన్ని ఏంజెల్స్ షేర్ అంటారు, దేవతల వాటా అన్నమాట. మన బెంగళూరు అమృత్ విస్కీ వాళ్ళకైతే ఏడాదికి 10 శాతం పైనే పోతుంది, అందుకే వాళ్ళ సరుకు నాలుగైదేళ్ళకే తయారు, 2013లో 8 ఏళ్ళది ఒకటి తెచ్చి దానికి గ్రీడీ ఏంజెల్స్ అని పేరు పెట్టారు, మొత్తం దేవతలే తాగేశారని. 8 ఏళ్ళు అక్కడ ముసలితనం. అంటే లేబుల్ మీద నంబర్‌కి ఊరిని బట్టి అర్థం మారిపోతుంది.

సరే పోలికకి వద్దాం. వేర్వేరు కంపెనీలవి పక్కపక్కన పెడితే రెసిపీ తేడానో వయసు తేడానో తెలీదు, అందుకే నేను నాబ్ క్రీక్ తీసుకున్నా. జిమ్ బీమ్ వాళ్ళది, 9, 12, 15, 18 నాలుగూ ఉన్నాయి, నాలుగూ 100 ప్రూఫే, అంటే 50 శాతం ఆల్కహాల్. వయసొక్కటే మారుతుంది, పరీక్ష పెట్టడానికి ఇంతకన్నా వీలైనది దొరకదు. 9 ఏళ్ళది 40 డాలర్ల దగ్గర్లో దొరుకుద్ది, మిగతావి వచ్చినప్పుడు పెట్టిన రేట్లు 12కి 60, 15కి 100, 18కి 170. మా ఆవిడ గ్లాసుల అడుగున టేప్ మీద నంబర్లు రాసి పోసింది, తాగింది నలుగురం, ఎవరికీ ఏది ఏదో తెలీదు.

9 ఏళ్ళది వేయించిన పల్లీ వాసన, వెనకాల ఘాటు, కుర్రతనం తెలుస్తుంది కానీ జీడిపప్పు వేపుడుతో బాగా వెళ్ళిపోద్ది. 12 ముక్కు దగ్గర పెట్టగానే అరిసెల పాకం, అదే ముదురు పాకం దించబోయే ముందు వచ్చే వాసన, తాగాక కొంచెం దాల్చినచెక్క, గొంతులో చాలాసేపు ఉంటది. 15లో ఖర్జూరం, తోలు బెల్టు లాంటి వాసన, నిండుగా ఉంది. 18 కూడా బావుంది, అబద్ధం ఎందుకు, లవంగం, పాత టేకు బీరువా తలుపు తీసినప్పటి వాసన, కానీ మింగాక నాలుక చివర్న ఓ వగరు నిలబడిపోద్ది, రెండో సిప్‌కి అది ఇంకాస్త ముందుకొస్తది. నలుగురిలో ఇద్దరం 12, ఒకడు 15, ఒకడు 9. 18ని ఎవరూ ఫస్ట్ పెట్టలేదు, ఇద్దరు సెకండ్ పెట్టారు. నలుగురి నాలుకలతో సిద్ధాంతం చెప్పడం లేదు, కానీ టేప్ పీకి నంబర్లు చూశాక 18 అంటే ఎగబడేవాడి మొహంలో వచ్చిన నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తే.

ఈ వగరు అనే మాట మన దగ్గరుండటం అదృష్టం అనుకోండి, పచ్చి వక్క కొరికినప్పుడు, సరిగ్గా పండని నేరేడు తిన్నప్పుడు నాలుక బిగుసుకుంటది చూడండి, అదే. చెక్కలోని టానిన్లు చేసే పని అది. ఐస్ వేసినా పోదు, చల్లబడేసరికి తీపి వెనక్కిపోయి చేదే మిగుల్తుంది.

ఇక 20 దాటినవి. నా అనుభవం నేను చెప్తా, బాటిల్ పేరు మాత్రం చెప్పను. కెంటకీలో 2018 నుంచి లైసెన్స్ ఉన్న షాపులు జనం దగ్గర పాత బాటిళ్ళు కొని అమ్ముకోవచ్చు, అలాంటి ఓ షాపులో ముగ్గురం తలా కొంత వేసుకుని 20 పైబడిన బాటిల్ ఒకటి కొన్నాం, ఎంతో చెప్తే మా ఆవిడ చదువుద్ది. ఆ రాత్రి అన్నం కూడా తినకుండా కూర్చున్నాం, మసాలా నాలుక మీద ఉంటే రుచి తెలీదని. మొదటి సిప్పు. ఎవడూ ఏమీ అనలేదు. రెండో సిప్పుకి ఒకడు అన్నాడు, "మా నాయనమ్మ దగ్గుకి బుగ్గన పెట్టిన కరక్కాయ గుర్తొస్తోందిరా" అని. కరెక్టుగా అదే. పాకం లేదు, పండు లేదు, కరక్కాయా, రంపపు పొట్టూ.

అయితే పాతవన్నీ ఇంతేనా అంటే కాదు, ఇక్కడే వ్యవహారం కాస్త చిక్కుగా ఉంటది. పీపా ఏ అంతస్తులో పడుకుందన్నదే అసలు ప్రశ్న. పై అంతస్తుల్లో నీళ్ళు ఎక్కువ ఆవిరై ప్రూఫ్ పెరుగుద్ది, కింద చల్లటి చోట ఆల్కహాల్ పోయి ప్రూఫ్ తగ్గుద్ది. పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ దాటకూడదని రూలు. 2018లో హెవెన్ హిల్ అనే కంపెనీ వాళ్ళు 27 ఏళ్ళది ఒకటి తెచ్చారు, నీళ్ళు కలపకుండానే 94.7 ప్రూఫ్, ఆ నంబర్ చూస్తేనే తెలిసిపోద్ది ఆ పీపాలు చల్లటి చోట ఉన్నాయని. పైగా ఆ సరుకు 1996లో బార్డ్స్‌టౌన్‌లో వాళ్ళ డిస్టిలరీ తగలబడకముందు తీసింది. వైల్డ్ టర్కీ వాళ్ళు 2015లో తెచ్చిన 17 ఏళ్ళ మాస్టర్స్ కీప్ కూడా అంతే, రాతి గోడౌన్లలో కొన్నేళ్ళుంచారు, 86.8 ప్రూఫ్‌లో సీసాకెక్కింది. అదే వైల్డ్ టర్కీలో 1954 నుంచి పనిచేసిన జిమ్మీ రస్సెల్ గారు ముసలి బోర్బన్ తనకి నచ్చదనీ, పది పన్నెండేళ్ళ లోపుదే ఇష్టమనీ ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నారు. కొడుకు ఎడ్డీయేమో 13 ఏళ్ళది, 15 ఏళ్ళది తెచ్చాడు, రెండూ హాట్ కేకులు. ఇంట్లోనే కుదరలేదు, ఇంక మనకేం కుదురుద్ది. బఫలో ట్రేస్ వాళ్ళైతే ఏకంగా గోడౌన్‌నే ఫ్రిజ్ చేసేశారు, వేర్‌హౌస్ పి అని, లోపల ఓ 7 డిగ్రీలు. దాన్నుంచి వచ్చిన ఈగిల్ రేర్ 25, 2023లో, రేటు 10,000 డాలర్లు. వేసవి లేకుండా చేసి పెంచిన బోర్బన్‌ని బోర్బన్ అనాలా అని ఒకడు అడిగాడు, మంచి ప్రశ్నే.

జనం ఎగబడే పాపీ వాన్ వింకిల్ అనే బోర్బన్ గురించి చెప్పకపోతే ఊరుకోరు కదా. 15 ఏళ్ళది 107 ప్రూఫ్, 20 ఏళ్ళది 90.4, 23 ఏళ్ళది 95.6. కొనే ఛాన్స్ కోసం జనం లాటరీల్లో పేర్లిచ్చేది 23 కోసం, మూడూ తాగినవాళ్ళలో చాలామంది 15కే ఓటేస్తారు. ఇంకో మెలిక ఏంటంటే పాత అభిమానులు ఇప్పటికీ తలుచుకునే పాపీ స్టిట్జెల్-వెల్లర్ అనే డిస్టిలరీ సరుకు, అది 1992లో వండటం ఆపేసింది, 2002 నుంచి వాన్ వింకిల్ కుటుంబం బఫలో ట్రేస్‌తో కలిసింది. అంటే పేరొక చోట సంపాదించారు, సరుకు ఇంకో చోటిది. గోధుమ వేసిన అదే తరహా రెసిపీలో అక్కడే తయారయ్యే వెల్లర్ 12 ఉంది, దాని వెనకా జనం పడుతున్నారనుకోండి.

ఇంకో సంగతి, 1990ల్లో వచ్చిన ముసలి బోర్బన్ ఎవరూ ప్లాన్ చేసింది కాదు. 70ల్లో 80ల్లో అమెరికన్లు వోడ్కా వైపు పోయారు, గోడౌన్లలో పీపాలు అమ్ముడుపోక పడున్నాయి, జపాన్ వాళ్ళు పాతది అడిగి కొన్నారు. చాలా పీపాల్లోంచి బాగున్నవి ఏరుకునే వీలుండేది. ఇప్పుడు గిరాకీ చూసి నంబర్ కోసమే ఉంచేస్తున్నారేమో అన్నది ఇక్కడివాళ్ళ అనుమానం, పేరు కూడా వినని బ్రాండ్లు ఎవరి దగ్గరో పాత పీపాలు కొని పెద్ద అంకె వేసి బరువైన సీసాలో అమ్ముతుంటే ఆ అనుమానం ఇంకా బలపడుద్ది.

రేటు సంగతి కూడా కాగితం మీద వేసి చూశా. పీపా 53 గ్యాలన్లు, అంటే 200 లీటర్లు. ఏడాదికి 4 శాతం పోతుందనుకుందాం. 12 ఏళ్ళకి 122 లీటర్లు మిగుల్తుంది, 23 ఏళ్ళకి 78. 750 మిల్లీ సీసాల్లో (నీళ్ళు కలపడం పక్కన పెడితే) 160 చిల్లర ఒకచోట, 104 ఇంకోచోట. అదనంగా 11 ఏళ్ళు గోడౌన్ ఖర్చు, వడ్డీ, కెంటకీలో పీపా మీద ఏటా కట్టే పన్ను (అది ఇప్పుడు మెల్లగా తీసేస్తున్నారు, 2043కి పూర్తిగా పోతుంది) అన్నీ కలిపినా రేటు రెండింతలో మూడింతలో ఐదింతలో అవ్వాలి, ఇరవై ముప్ఫై ఇంతలు ఎందుకవుద్ది చెప్పండి. మిగతాది మనం దొరకనిదానికి కడుతున్న రేటు.

నా మాట అడిగితే ఇదీ లెక్క. ఇంట్లో రోజూ వాడకానికి, కోక్ కలిపే బాబాయిలు వస్తారనుకుంటే 6 నుంచి 9 ఏళ్ళది చాలు. కూర్చుని నెమ్మదిగా తాగడానికి 10 నుంచి 13, కళ్ళు మూసుకుని కొనొచ్చు. 15 దగ్గర ఆగి ప్రూఫ్ చూడండి, ఎవరు వండారో చూడండి, పండగకి ఒకటి కొనుక్కోండి. 18 దాటిందంటే బాటిల్ వద్దు, కెంటకీ బార్లలో అర ఔన్సు పోస్తారు, అది తాగి నచ్చితే అప్పుడు ఆలోచించండి. 20 దాటినవాటిలో అద్భుతాలు లేవని కాదు, నేనూ ఒకటి తాగా, ఫ్రెండ్ గ్లాసులోంచి, ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. కానీ ఏది అద్భుతమో ఏది కరక్కాయో సీల్ తీసేదాకా తెలీదు, అంత డబ్బుకి ఆ జూదం నాకొద్దు.

మా బావమరిదికి ఇదంతా చెప్పలేదు. రెండు గ్లాసులు తెచ్చి ఒకదాంట్లో 12 ఏళ్ళది, ఇంకోదాంట్లో మా కరక్కాయ బాటిల్లోది (మూడేళ్ళయినా సగం కూడా అవ్వలేదు) పోసి ఏది ఏదో చెప్పకుండా ఇచ్చా. మొదటిది ఖాళీ చేశాడు. రెండోది ఓ గుక్క తాగి గ్లాసు వెలుగులో పెట్టి చూసి, "బావా, ఇది పాడైపోయిందేమో చూడు" అన్నాడు. అప్పుడు సీసా చూపించా, రేటు చెప్పా. కాసేపు మాట్లాడలేదు. ఆ గ్లాసులో మిగిలింది పారబోయకుండా జాగ్రత్తగా తాగేశాడు పాపం.

మర్నాడు 12 ఏళ్ళవి రెండు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాం, రెండు లీటర్లదాకా డ్యూటీ లేదు కదా, ఒకటిన్నర లీటరే అయింది. మన దగ్గర 2025 ఫిబ్రవరిలో బోర్బన్ మీద సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించారు కానీ ఇంకా ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళడమే నయం. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి అన్నాడు, "బావా, ఆ పాతది ఎప్పటికైనా అయిపోతే సీసా మాత్రం పారెయ్యకు, నాకు పంపించు, మా మామగారింట్లో షోకేస్‌లో పెడతా."