అమెరికాలో మన మిక్సీ, గ్రైండరు, ఒక ట్రాన్స్‌ఫార్మరు: ఎనిమిదేళ్ళు వాడాక

2016 ఆగస్టులో విజయవాడ నుంచి డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కి వచ్చాం. మనిషికి రెండేసి సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. ఒక దాంట్లో బీసెంట్ రోడ్డులో కొన్న 750 వాట్ల మిక్సీ, దాని మూడు జార్లు, సందుల్లో కందిపొడి ప్యాకెట్లు. ఇంకోదాంట్లో రెండు లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండరు. రాళ్ళను పాత తువ్వాళ్ళలో చుట్టి నాన్న స్వయంగా సర్దారు, అదొక్కటే 12 కిలోలు తూగింది. మిగిలిన జాగాలో ఇస్త్రీ పెట్టె. "అక్కడ దొరకనిదేముంది, ఎందుకీ మోత" అని మా ఆయన విమానం ఎక్కేదాకా సణుగుతూనే ఉన్నారు. సగం ఆయన మాటే నిజమైంది. మిగతా సగం గురించే ఈ సమీక్ష.

ముందుగా ఇస్త్రీ పెట్టె సంగతి, ఎందుకంటే అది ఒక్కరోజులో తేలిపోయింది. పిన్నులు మార్చే చిన్న అడాప్టరు పెట్టి ప్లగ్గులో గుచ్చాను. పావుగంట గడిచినా చొక్కా ముడత పోలేదు. మన దగ్గర కరెంటు 230 వోల్టులు, ఇక్కడ గోడలో వచ్చేది 120. వోల్టేజి సగానికి తగ్గితే వేడి సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. 1000 వాట్ల పెట్టె ఇక్కడ 270 వాట్లే ఇస్తుంది. చలికాలం కాళ్ళ దగ్గర పెట్టుకోవడానికి బాగుంటుందేమో గానీ చొక్కాకి కాదు. పక్క షాపులో 15 డాలర్లు పెట్టి ఇక్కడిదే కొన్నాం. కెటిల్, రైస్ కుక్కర్, గీజర్ రాడ్ లాంటి వేడి చేసే సరుకు ఏదీ మోసుకు రావద్దు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకి ఈ గొడవే లేదు. వాటి వెనక 100–240 వోల్టులు అని రాసి ఉంటుంది, పిన్ను మారిస్తే చాలు.

మిక్సీ కథ వేరు. అది లేకపోతే నేనుండలేను. ఇక్కడి బ్లెండరు నాకు వచ్చిన మొదటి వారంలోనే ఒకరు ఇచ్చారు, మంచిదే. కానీ అందులో నీళ్ళు పోస్తే తప్ప బ్లేడు దగ్గరకి ఏదీ దిగదు. పొడుగు జారు, సన్నటి అడుగు, పైనుంచి కిందకి సుడి తిరగాలి. గోంగూర వేస్తే కింద ముద్ద కట్టి పైన ఆకు అలాగే ఉంటుంది. నీళ్ళు పోస్తే పచ్చడి కాదు, పులుసు. మన చట్నీ జారు చిన్నది, బ్లేడు అడుగుకి ఆనుకుని ఉంటుంది. గుప్పెడు అల్లం ముక్కలైనా, నాలుగు పండుమిరపకాయలైనా బరకగా నలుగుతాయి.

కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 120ని 230కి పెంచేది. తెలియక మొదట 500 వాట్లది ఆన్‌లైన్లో కొన్నాం. మిక్సీ 750 వాట్లే కదా, ఎంతసేపు తిప్పుతాం అనుకున్నాం. స్విచ్ నొక్కగానే టప్పుమని ఫ్యూజు పోయింది. రెండో ఫ్యూజు కూడా అంతే. మోటారు నిలిచి ఉన్న దశ నుంచి తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే మోటారున్న వస్తువుకి దాని మీద రాసిన వాట్లకి రెట్టింపు ట్రాన్స్‌ఫార్మరు తీసుకోవాలి. రెండోసారి 1500 వాట్లది కొన్నాం, దాదాపు 80 డాలర్లు. ఇనుప పెట్టెలా బరువు. ఎనిమిదేళ్ళుగా అదే నడుస్తోంది. దాని మీద నాకున్న ఫిర్యాదులు రెండే: ఆన్‌లో ఉంటే తుమ్మెదలా ఝుమ్మని మోగుతూనే ఉంటుంది, పైగా ఏమీ తిప్పకపోయినా కరెంటు తాగుతుంది. ప్లగ్గు మీటరు పెట్టి చూస్తే 14 వాట్లు. నెలంతా వదిలేస్తే పది యూనిట్లు వృథా. పని అవగానే ఆపడం అలవాటు చేసుకున్నాను. వంటింట్లో పొద్దుటి పూట అది, టోస్టరు, మైక్రోవేవ్ ఒకేసారి ఆన్ చేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఇక్కడ వోల్టేజి తక్కువ కాబట్టి అదే పనికి గోడ నుంచి రెట్టింపు ఆంపియర్లు లాగుతుంది మరి.

మిక్సీ మాత్రం చక్కగా తిరుగుతోంది. విజయవాడలో వచ్చిన చప్పుడే ఇక్కడా. ఇక్కడ కరెంటు సెకనుకి 60 సార్లు అటూ ఇటూ ఊగి వస్తుంది, మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుంది గానీ దీన్ని మార్చలేదు. మిక్సీలో ఉండేది తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులున్న మోటారు కాబట్టి 50 అయినా 60 అయినా దానికి పట్టదు. ఇన్నేళ్ళలో రెండుసార్లు జారుని మోటారుకి కలిపే కప్లర్ అరిగింది, ఒకసారి బ్రష్షులు మార్చాం. అవన్నీ అమ్మ వచ్చినప్పుడు పర్సులో వేసుకుని తెచ్చినవే. ఎక్కువసేపు ఏకబిగిన తిప్పితే అడుగున ఉన్న ఎర్ర బొత్తాం బయటికి వచ్చి ఆగిపోతుంది, చల్లారాక నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. అది ఇండియాలో ఉన్నా అంతే.

గ్రైండరు దగ్గర నేను ఓడిపోయాను. దాంట్లో ఉండేది బ్రష్షులు లేని ఇండక్షన్ మోటారు. దాని వేగం నేరుగా ఆ 50, 60 మీదే ఆధారపడుతుంది. ఇక్కడ అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరిగింది. మొదట్లో నేను సంబరపడ్డాను, అరగంట పట్టే ఇడ్లీ పిండి 25 నిమిషాల్లో అయిపోతోందని. కానీ వేగం పెరిగిందంటే బలం పెరిగినట్టు కాదు. అదే 230 వోల్టులతో 50 బదులు 60 మీద తిరగాల్సి వస్తే మోటారు పట్టు తగ్గుతుంది. పల్చటి దోసె పిండి వరకు సరే. గారెలకి మినప్పప్పు గట్టిగా రుబ్బేటప్పుడు రాళ్ళు ఆగిపోయి, మోటారు మూలిగేది. పిండి కూడా వేడెక్కేది, దాంతో గారెలు గట్టిపడేవి. ఇంకో సంగతి, దాని బాడీ స్టీలు. ట్రాన్స్‌ఫార్మరు సాకెట్లో మన ప్లగ్గు పట్టింది గానీ ఎర్తు పిన్నుకి అక్కడ కనెక్షనే లేదు. ఒకసారి తడిచేత్తో ముట్టుకుంటే చురుక్కుమంది. ఆ తర్వాత ఎర్తు కలిసే అడాప్టరు వెతికి తెచ్చి పెడితే గానీ దాన్ని ముట్టలేదు. 2019 సంక్రాంతి ముందు కెపాసిటర్ పోయింది. బాగుచేయించాలంటే కొత్తదాని ఖర్చు. అప్పుడు ఇక్కడి ఇండియన్ షాపులో 110 వోల్టుల గ్రైండరు (పేరుకి 110, ఇక్కడి 120కి పనికొచ్చేదే) కొన్నాను. ప్రీతి, అల్ట్రా లాంటి కంపెనీలు ఇక్కడి కరెంటుకి తగ్గట్టు మిక్సీలు, గ్రైండర్లు విడిగా అమ్ముతున్నాయని ముందే తెలిసుంటే నాన్న అంత కష్టపడి రాళ్ళు సర్దేవారు కాదు. ఆ మాట ఆయనకి ఇంతవరకు చెప్పలేదు.

అన్నింటికన్నా పెద్ద తప్పు మాత్రం మా ఆయన చేశారు. ఆ ట్రాన్స్‌ఫార్మరు సాకెట్‌కి ఏ దేశం ప్లగ్గయినా పడుతుంది, అదే దాని గొప్పతనం, అదే దాని ప్రమాదం. ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఇక్కడి కాఫీ గ్రైండరు తెచ్చి అందులో గుచ్చారు. 120 వోల్టులకి చేసిన వస్తువుకి 230. రెండు సెకన్లు గిర్రున అరిచి, నీలంగా ఒక మెరుపు మెరిసి, పొగ. ఇంట్లో అలారం మొదలైంది. ఆ అలారం ఎండుమిరపకాయల తాలింపుకే అరుస్తుంది, దీనికి అరవదా. కిటికీలు తీసి, తువ్వాలు ఊపుతూ నిలబడ్డాం. ఆ రోజు నుంచి ఆ సాకెట్ మీద ఎర్ర టేపు వేసి "మిక్సీ మాత్రమే" అని తెలుగులో రాశాను.

ఇదే లెక్క తిరుగు ప్రయాణంలోనూ పనిచేస్తుంది, ఇంకా ఘోరంగా. 2022లో ఇండియా వెళ్తుంటే మా అత్తగారు ఇక్కడి రైస్ కుక్కర్ తెమ్మన్నారు. 120 వోల్టుల కుక్కర్‌ని అక్కడ నేరుగా పెడితే మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది, అన్నం కాదు, కుక్కరే ఉడుకుతుంది. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే పావు కిలో బరువున్న చవక కన్వర్టర్లు ఉంటాయి చూడండి, వాటితో మోటారున్న వస్తువులు తిప్పకండి. అవి వేడి చేసేవాటికే. చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. వందల వాట్లు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు లోపల రాగి, ఇనుము ఉంటాయి, బరువు లేకుండా ఉండదు.

ఇప్పుడు వచ్చేవాళ్ళు ఎవరైనా అడిగితే, ఇంట్లో మంచి మిక్సీ ఉంటే తెచ్చుకోండి అంటాను, కానీ దానికోసం కొత్తది కొనకండి, ఇక్కడి 110 వోల్టులదే కొనుక్కోండి. నేను మార్చకపోవడానికి కారణం వేరే ఉంది. ఆ చట్నీ జారులో గోంగూర ఎంత నలిగితే చాలో నా చేతికి తెలుసు. ఈ వేసవికి అమ్మ వస్తోంది. కప్లర్లు నాలుగు తెమ్మన్నాను.