చింతగింజంత బటన్: సూపర్‌జూమ్ కెమెరాతో నాలుగేళ్ళు

ఈ రకం కెమెరా బరువెంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, సెన్సార్ ఎంత చిన్నది అనే సంగతులు ఇప్పటికే అందరూ చెప్పేశారు కనుక నేను మళ్ళీ చెప్పను. లెన్సు విడదీయడానికి వీల్లేని, అరవై రెట్లు జూమ్ అయ్యే కెమెరా ఇది. 2021 దసరాకు నాలుగు రోజుల ముందు కొన్నాను. నల్లగొండలో ఉద్యోగం చేసిన రెండున్నరేళ్ళూ, బదిలీ మీద మహబూబ్‌నగర్ వచ్చిన తరువాత ఇప్పటివరకూ, వారానికి ఒకటి రెండు ఉదయాలు దీన్ని మెడలో వేసుకుని తిరుగుతూనే ఉన్నాను. నేను రాయదలచుకున్నది దీనిలో ఉన్న ఒకే ఒక్క బటన్ గురించి. లెన్సు గొట్టానికి ఎడమ పక్కన, బొటనవేలు సహజంగా ఆనే చోట, చింతగింజంత సైజులో ఉంటుంది. అది లేకపోయి ఉంటే నేను నెల తిరక్కుండానే పక్షులకు దండం పెట్టి కెమెరాను బీరువాలో పడేసి ఉండేవాణ్ణి. నన్ను నట్టేట ముంచింది కూడా అదే.

దసరానాడు పాలపిట్టను చూడడానికి ఊరి పొలిమేర దాకా వెళ్ళడం మన దగ్గర ఆనవాయితీ. పైగా అది మన రాష్ట్ర పక్షి. కొత్త కెమెరాకు తొలి బోణీ దానితోనే కావాలని నల్లగొండ పక్కనున్న పానగల్లు దారి పట్టాను. కోరినట్టే కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట తీరిగ్గా కూర్చుని ఉంది. కంటికి చక్కగా కనిపిస్తున్న పిట్ట, జూమ్ పూర్తిగా లాగి కెమెరాలోంచి చూసేసరికి మాయమైంది. తీగ ఉంది, ఆకాశం ఉంది, పిట్ట లేదు. కెమెరా దించి చూస్తే అక్కడే ఉంది, ఎత్తి చూస్తే లేదు. ఇలా ఏడెనిమిది సార్లు జరిగాక, పాపం అదే విసుగుపుట్టి లేచిపోయింది. ఆ రోజు నా దగ్గర మిగిలింది పదకొండు తీగల ఫొటోలు. తరువాత కూర్చుని లెక్క వేస్తే విషయం అర్థమైంది: పూర్తి జూమ్ మీద నలభై మీటర్ల దూరంలో ఈ కెమెరాకు కనిపించే వెడల్పు సుమారు ఒక్క మీటరు. చెయ్యి వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఆ మీటరు ఇంకెక్కడికో పోతుంది. కొత్తగా పక్షుల ఫొటోలు తీసేవాళ్ళు పెద్ద జూమ్ ఉంటే చాలనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. జూమ్ పెరిగినకొద్దీ పిట్టను వెతుక్కోవడమే అసలు పని అవుతుందని అమ్మేవాళ్ళెవరూ చెప్పరు.

బటన్ సంగతి దీపావళి సెలవులో, మాన్యువల్ తిరగేస్తుండగా తెలిసింది. పూర్తి జూమ్‌లో ఉండగా దాన్ని నొక్కి పట్టుకుంటే లెన్సు తనంతట తాను వెనక్కి వచ్చి చుట్టుపక్కల దృశ్యమంతా చూపిస్తుంది, ఇంతకు ముందు ఎంత భాగం కనిపించిందో మధ్యలో చిన్న చట్రం గీసి గుర్తు పెడుతుంది. తప్పిపోయిన పిట్టను ఆ చట్రంలోకి తెచ్చుకుని బటన్ వదిలితే లెన్సు మళ్ళీ పాత జూమ్‌కే వెళ్ళి నిలబడుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. రెండు మూడు కంపెనీలు ఇదే ఏర్పాటును వేరువేరు పేర్లతో ఇస్తున్నాయి, ప్రకటనల్లో మాత్రం దీనికి ఒక మూలన కూడా చోటివ్వవు.

దాని విలువ నాకు 2023 జూన్‌లో పూర్తిగా తెలిసివచ్చింది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి కొద్ది దూరంలో ఒక పెద్ద వేపచెట్టు కింద ఉన్నాను. పైన సిద పిట్టలు (బాబ్లర్లు) గుంపుగా చేరి ఒకటే గోల చేస్తున్నాయి. వాటి మధ్య బూడిద రంగు వీపు, రొమ్ము మీద చారలు, తోకకు అడ్డ పట్టీలు ఉన్న పక్షి ఒకటి కొమ్మ మారుతూ తప్పించుకుంటోంది. షిక్రా డేగ అనుకున్నాను; మొదట తీసిన మసక ఫొటోను ఫోన్‌లోని ఆప్‌కు చూపిస్తే అదీ షిక్రా అనే చెప్పింది. పక్షి చెట్టులోనే ఐదారు సార్లు చోటు మార్చింది. మారిన ప్రతిసారీ నేను బటన్ నొక్కాను, వెతికాను, వదిలాను. అంతకు ముందైతే రెండో కొమ్మ దగ్గరే దాన్ని పోగొట్టుకునేవాణ్ణి. చివరికి చేతికి వచ్చినవి నాలుగు ఫొటోలు, నాలుగూ ఆకుల చాటునుంచి తీసినవే, ఒక్కటీ గోడకు తగిలించుకోదగ్గది కాదు. అయితే ఒకదానిలో ముక్కు పక్కనుంచి కనిపించింది. డేగకు ఉండే కొక్కెం లాంటి వంపు దానికి లేదు. ఇంకొకదానిలో కంటి చుట్టూ పసుపు వలయం, మరొకదానిలో తోక చివర ఎర్రమట్టి రంగు. కొమ్మను పట్టుకున్న కాళ్ళు బక్కగా ఉన్నాయి, వేటాడే పక్షి పంజా అలా ఉండదు. అది డేగ కాదు, డేగ వేషం వేసుకున్న కోయిల జాతి పక్షి, హాక్ కుకూ. సిద పిట్టల గూళ్ళలోనే గుడ్లు పెట్టే రకం కనుక వాటికి అంత కోపం ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. అందమైన ఫొటో ఒకటి ఉన్నా నేను షిక్రా అనే రాసుకునేవాణ్ణేమో. వంకర ఫొటోలు నాలుగు ఉండబట్టి పేరు తేలింది.

ఉదయసముద్రం రిజర్వాయరు కట్ట మీద కూడా ఇదే అనుభవం. చలికాలంలో నీటి అంచున తిరిగే ఉల్లంకి పిట్టలన్నీ దూరానికి ఒకే రకంగా కనిపిస్తాయి, ఒక్క క్షణం నిలకడగా ఉండవు. భుజం ముందు తెల్లటి చీలిక రెక్కలోకి చొచ్చుకువస్తే కామన్ శాండ్‌పైపర్. తెల్ల కనుబొమ కన్ను దాటి వెనక్కి సాగి, వీపు మీద చుక్కలు దట్టంగా ఉంటే వుడ్ శాండ్‌పైపర్. వీపు నల్లబారి, కనుబొమ కంటి ముందే ఆగిపోతే గ్రీన్ శాండ్‌పైపర్. ఈ మూడింటిని వేరు చేయడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది, బటన్ లేకపోతే ఇంకో రెండు పట్టేవి. ఆ ఉత్సాహంలో మా ఆఫీసులో ఇద్దరి చేత ఇదే కెమెరా కొనిపించాను. లక్షలు పోసి పెద్ద లెన్సులు కొనేవాళ్ళను చూసి ఇదంతా అనవసరపు ఖర్చు అని కూడా అన్నాను.

ఆ మాటను ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

మహబూబ్‌నగర్ వచ్చాక నా తిరుగుడు చెరువు కట్టల నుంచి బీడు భూములకు మారింది. కోయిల్‌సాగర్ వైపు వెళ్ళే దారిలో ఎర్రమట్టి చెల్కలు చాలా ఉన్నాయి. 2025 జనవరిలో ఒక ఆదివారం, ఎనిమిదింటి ఎండలో, పంట కోసేసి వదిలిన చెల్కలో చాలా దూరాన రెండు పక్షులు కనిపించాయి. నాలుగడుగులు ఉరకడం, టక్కున ఆగి నిటారుగా నిలబడడం, ముందుకు వంగి నేల మీద ఏదో పొడుచుకోవడం, మళ్ళీ ఉరకడం. తల పక్కన తెల్ల గీత ఉన్నట్టు మాత్రం తెలుస్తోంది. మెట్ట చేలలో తిరిగే పసుపు తీతువు కావచ్చు, నేను రెండేళ్ళుగా వెతుకుతున్న, నేల మీద ఉరుకుతూ తిరిగే ఇండియన్ కోర్సర్ అనే పక్షి కూడా కావచ్చు. కెమెరా ఎత్తి, జూమ్ లాగి, గురి తప్పితే అలవాటు కొద్దీ బటన్ నొక్కాను. లెన్సు వెనక్కి వచ్చింది. చట్రంలోకి రెండు పక్షులూ వచ్చాయి. వదిలాను. లెన్సు కదలలేదు.

బటన్ లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. గోరుతో గీకాను, తట్టాను, ఊదాను. కెమెరా ఆపి మళ్ళీ వేస్తే లెన్సు కాస్త ముందుకు వచ్చినట్టే వచ్చి, బటన్ ఇంకా నొక్కే ఉందనుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ స్థితిలోనే దొరికినంత దూరం నుంచి పది ఫొటోలు తీశాను. మేకలను తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన నా అవస్థ చూసి ఆగాడు. “తాతా, గవి తీతువులేనా?” అని అడిగితే, ఆయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “తీతువైతే మనిషిని జూస్తే సాలు, ఊరు లేసేదాక మొత్తుకుంటది సారూ. గివి నోరు దెరువయ్. గింత ఉరుకుతయ్, ఆగుతయ్, మల్ల ఉరుకుతయ్” అన్నాడు. మేకలు దగ్గరకు రాగానే పక్షులు లేచి రోడ్డు అవతలికి వెళ్ళిపోయాయి, అప్పుడు కూడా నోరు విప్పలేదు. ఇంటికి వచ్చి ఫొటోలు పెద్దవి చేస్తే ఎర్రటి చెల్క నిండా వెలుతురు, మధ్యలో ఆవగింజలంత రెండు చుక్కలు. కోర్సర్ అయితే కాళ్ళు పాలిపోయిన తెలుపు, పసుపు తీతువుకు కాళ్ళు పసుపు. ఆవగింజకు కాళ్ళు ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్‌లో సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే బటన్ ఒక్కటే మార్చడం కుదరదని, లెన్సు భాగం మొత్తం మార్చాలని చెప్పారు. కెమెరాకు నేను పెట్టిన ధరలో దాదాపు సగం అడిగారు. చింతగింజకు చెట్టు ధర కట్టినట్టుంది. వెనక్కి తెచ్చుకుని నెలా పదిహేను రోజులు అలాగే ఉంచాను. చివరకు మహబూబ్‌నగర్‌లోనే గడియారాలు బాగుచేసే ఒకాయన కెమెరా విప్పకుండా, బటన్ చుట్టూ ఉన్న దారమంత సందులో సన్నని బ్రష్‌తో స్పిరిట్ అద్ది అరగంట పాటు తుడిచాడు. తెల్ల గుడ్డ మీద ఎర్రగా దిగింది. మంచు తడిలో ధూళి మెత్తి గట్టిపడిందని ఆయన తీర్పు. నేరం పూర్తిగా కంపెనీదే అనడానికి నోరు రాదు. ఆ చెల్కల్లో స్కూటర్ మీద కెమెరాను బ్యాగులో పెట్టకుండా మెడలో వేలాడేసుకుని తిరిగింది నేనే. కాకపోతే పొలాల్లో వాడతారని తెలిసి తయారుచేసే వస్తువులో, అన్నిటికంటే ఎక్కువగా నొక్కే చోట ధూళి దూరేంత సందు ఉంచడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బటన్ ఇప్పుడు పనిచేస్తోంది, కాకపోతే గట్టిపడింది. ఒక్కోసారి రెండు సార్లు నొక్కాలి. అది లేని ఆ నెలన్నరలో ఇంకో సంగతి బయటపడింది. జూమ్ లాగకముందే పిట్ట పక్కనున్న ఎండుకొమ్మనో రాయినో గురుతు పెట్టుకుని, కన్ను దాని మీదనుంచి తిప్పకుండా కెమెరాను కంటి దగ్గరకు తెచ్చుకోవడం అనే మొదటి పాఠాన్ని నేను మూడేళ్ళుగా నేర్చుకోనేలేదు. బటన్ ఉంది కదా అన్న ధీమా. ఇప్పుడు పది సార్లలో ఆరు సార్లు బటన్ అవసరం రావడం లేదు.

దానితో గట్టెక్కని చోట్లు కూడా ఉన్నాయి. గడ్డిలో కూర్చున్న పిపిట్ అనే చిన్న పిట్టను చట్రంలోకి తెచ్చినా ఫోకస్ ముందున్న గడ్డిపోచ మీదే నిలుస్తుంది. నా దగ్గర గడ్డిపోచల చిత్రాలు ఒక ప్రదర్శనకు సరిపడా ఉన్నాయి. మార్చి దాటాక తొమ్మిదింటి తరువాత తీసిన దూరపు ఫొటోలన్నీ నీళ్ళలో ముంచి తీసినట్టు వస్తే మొదటి వేసవిలో లెన్సునే తిట్టాను. అది నేల మీదనుంచి లేచే వేడిగాలి ఆడించే ఆట, దానికి ఏ కెమెరా అయినా తల వంచాల్సిందే. తెల్లవారుజామున మసక వెలుతురులో మాత్రం తప్పు దీని చిన్న సెన్సార్‌దే. ఈకల మీది చారలు ఇసుక చల్లినట్టు కలిసిపోతాయి.

కనుక ఎవరైనా కొనమంటావా అని అడిగితే నేను ఎదురు ప్రశ్నలు అడుగుతున్నాను. నాకు నలభై ఏడేళ్ళు, ఉన్నది స్కూటరు, వారానికి దొరికేది రెండు ఉదయాలు, కావలసింది పక్షి పేరు తప్ప బహుమతి కాదు. నాకు ఇది సరిపోయింది, పాడైతే మళ్ళీ ఇలాంటిదే వెతుక్కుంటానేమో కూడా. కారులో తిరిగేవాళ్ళు, ఎగిరే పక్షుల ఫొటోలు కోరుకునేవాళ్ళు నా మాట పట్టించుకోనక్కరలేదు. చెరువు గట్లకే పరిమితమైతే నా పాత పొగడ్తలో చాలా భాగం ఇంకా చెల్లుతుంది. చెల్కల్లో తిరిగేట్టయితే కెమెరాతో పాటు మంచి బ్యాగు ఒకటి, మెత్తని బ్రష్ ఒకటి అదే రోజు కొనుక్కోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళు మాత్రం జూమ్ పూర్తిగా లాగి ఆ బటన్‌ను పది సార్లు నొక్కి వదిలి చూడాలి, పదో సారి కూడా లెన్సు తనంతట తాను ముందుకు వెళ్తేనే డబ్బు తీయాలి.

నా నోటు పుస్తకంలో ఆ జనవరి ఆదివారం పేజీలో “కోర్సర్, రెండు” అని రాసి పక్కన పెట్టిన ప్రశ్నార్థకం మాత్రం అలాగే ఉంది. మేకల పెద్దాయన మాటను ఆధారంగా రాసుకున్నాను, ఫొటో గడిని ఖాళీగా వదిలాను.