మోడల్ ఎం కీబోర్డు: నా కోపమంతా ఆ రివెట్ల మీదే

ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు మీద ఏళ్ల తరబడి రోజూ రాస్తున్నాను. దాని టకటకల గురించి, వేలి కింద వంగే స్ప్రింగుల గురించి అందరికీ తెలుసు. నేను చెప్పాల్సింది దాని ప్లాస్టిక్ రివెట్ల సంగతి.

కొన్న కొత్తలో దీనికి చావు లేదని నలుగురికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట మీటల వరకే చెబుతాను. నా దాని వెనుక చీటీ మీద 1989 అని ఉంది. మీటలు పీబీటీ ప్లాస్టిక్‌తో చేసినవి, అక్షరాల రంగును వేడితో ప్లాస్టిక్ లోపలికే ఇంకించారు. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి పళ్ల బ్రష్షుతో రుద్దితే ఏళ్ల నాటి జిడ్డంతా వదిలింది, ఒక్క అక్షరమూ చెదరలేదు. మీట కాడలో నీరు నిలుస్తుంది కాబట్టి బాగా ఆరాకే తిరిగి పెట్టాలి.

ఆ మధ్య ఎడమవైపు మీటలు మొరాయించాయి. నొక్కితే చప్పుడు వస్తుంది, అక్షరం పడదు. ఒక్కోసారి రెండేసి పడతాయి. కీబోర్డును ఎత్తి అటూ ఇటూ వంచితే లోపల గలగల. మూత స్క్రూలు లోతుగా ఉంటాయి, వాటికి 5.5 మిల్లీమీటర్ల సన్నటి గొట్టం పానా కావాలి. విప్పగానే ఆవగింజలంత నల్లటి ముక్కలు బల్ల మీద రాలాయి. అవి రివెట్ల తలలు. స్ప్రింగులున్న ప్లాస్టిక్ చట్రాన్ని, మీట నొక్కడాన్ని పసిగట్టే మధ్యలోని పొరలను, అడుగున వంపు తిరిగిన ఇనుప పలకను కలిపి పట్టి ఉంచేవి అవే. తయారీలో చట్రం పుల్లలను పలక రంధ్రాల్లోంచి ఇవతలికి తెచ్చి, కొసలు కరిగించి అణిచారు. కాలం గడిచేకొద్దీ తలలు ఊడిపోతాయి, పలక అక్కడ వదులవుతుంది, పొరలు సరిగా ఆనవు.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్‌లో ఈ బెడద లేదు. దాని లోహపు పలకలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి, విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. తెలిసిన పద్ధతి చేతిలో ఉండగా చవకని వెతుక్కుంటూ ఇలా చేశారే అన్నదే నా బాధ.

మిగిలిన తలలు కూడా ఉలితో చెక్కేసి, వాటి చోట 1.5 మిల్లీమీటర్ల రంధ్రాలు తొలిచి, 2 మిల్లీమీటర్ల బోల్టులు, నట్లు వేశాను. పలక ఎత్తేటప్పుడు చట్రం బోర్లా ఉండాలి, లేకపోతే స్ప్రింగుల కింది చిన్న సుత్తులన్నీ జారిపోతాయి. తొలిచేటప్పుడు డ్రిల్లు బిట్టు పక్కకు జరిగితే స్ప్రింగు ఉండే గొట్టానికి చిల్లు పడుతుంది. బోల్టులన్నీ సగం సగం బిగించాకే పూర్తిగా బిగించాలి.

నేను ఊహించనిది ఆ తర్వాత జరిగింది. అంతకుముందు బాగున్నాయనుకున్న కుడివైపు మీటలు కూడా ఇప్పుడు ఇంకా గట్టిగా, స్పష్టంగా పలుకుతున్నాయి. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నది సగం వదులైన కీబోర్డునే.

నాకు విడిగా గది ఉంది, సాయంత్రాలు ఇలాంటి పనికి ఓపిక ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో రాసే నాకు విండోస్ మీట లేకపోవడం లోటనిపించలేదు. పసిపిల్లలు నిద్రపోయే ఇంటికైతే వద్దంటాను. దీని పాతకాలపు ప్లగ్గును యూఎస్‌బీకి మార్చే ముక్క కూడా లోపల చిప్పు ఉన్నదే తీసుకోవాలి, ఉత్త తీగల ముక్క నా కంప్యూటర్‌తో పనిచేయలేదు. కొనేముందు ఒకసారి ఊపి చూడండి. లోపల ముక్కలు కదిలితే, బోల్టుల పని మీ మీద పడుతుందని లెక్క వేసుకునే బేరం ఆడండి.